వరస తప్పని ఉత్తరం

రక్షణ గురించి క్రైస్తవులు మాట్లాడుకునేటప్పుడు మూడు మాటలు తప్పకుండా దొర్లుతాయి: కృప, విశ్వాసం, విధేయత. విడివిడిగా వాటిమీద ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఒకచోట కూర్చోబెట్టినప్పుడే పేచీ మొదలవుతుంది. రక్షణ ఉచితంగా దొరికేదైతే దేవుడి మాట వినాల్సిన అవసరం ఏముంది? వినితీరాలి అంటే అది ఉచితం ఎలా అయింది? నమ్మితే చాలు అన్న బోధకుడి వెనకే, మరి నీ బతుకు మాటేమిటి అనే బోధకుడు లేస్తాడు. ఇద్దరి చేతుల్లోనూ ఉండేది ఒకే గ్రంథం. చాలాసార్లు ఇద్దరూ తెరిచేది అందులోని ఒకే ఉత్తరం, పౌలు రోమీయులకు రాసిన పత్రిక.

ఆ ఉత్తరాన్ని సిద్ధాంతంగా చదివినవాళ్ళు కోకొల్లలు. ఇక్కడ దాన్ని ఒక పనివాడి పనిగా చూద్దాం. ఏ మాట ఎక్కడ పెట్టాడు, దేన్ని ఎంతసేపు ఆపి ఉంచాడు, ఏ ప్రశ్నను ఎవరి నోట పలికించాడు అన్నది గమనిద్దాం. ఈ మూడు మాటల సంబంధం ఇదీ అని పౌలు ఎక్కడా నిర్వచించలేదు. వాటిని ఒక వరసలో పెట్టాడు. ఆ వరసే అతని జవాబు.

చూడని ఊరికి

ఈ ఉత్తరం క్రీ.శ. 57 ప్రాంతంలో, పౌలు కొరింథులో ఉండగా పుట్టిందని ఎక్కువమంది పండితుల లెక్క. బస గాయు ఇంట్లో. పౌలు చెబుతూంటే రాసినవాడు తెర్తియు. చివర్లో తన పేరుతో తానే ఒక వందనం చేర్చుకున్నాడు. కొరింథు రేవైన కెంక్రేయలోని సంఘ పరిచారకురాలు ఫీబేను ఆదరించమని రోమువాళ్ళకు సిఫారసు ఉంది కాబట్టి, ఉత్తరాన్ని మోసుకెళ్ళింది ఆమేనని అనుకుంటారు. గ్రీకులో ఇది ఏడు వేల మాటలు దాటుతుంది. ఆ కాలంలో మామూలు జనం రాసుకున్న ఉత్తరాలు ఒక్క పపైరస్ రేకులో ఇమిడిపోయేవి.

రోము సంఘాన్ని పౌలు స్థాపించలేదు. అప్పటికి ఆ నగరాన్ని చూడను కూడా లేదు. అక్కడి నుంచి స్పెయిన్ దాకా వెళ్ళాలని ఆశ. దానికి ముందు మాసిదోనియ, అకయ సంఘాలు పోగుచేసిన చందా సొమ్ము యెరూషలేములోని పేదలకు అందజెయ్యాలి. పైగా రోములో విశ్వాసులంతా ఒక్క తీరువాళ్ళు కారు. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని నగరం నుంచి వెళ్ళగొట్టినప్పుడు అకుల, ప్రిస్కిల్ల దంపతులు కొరింథుకు వచ్చిపడ్డారు. వాళ్ళతో కలిసే పౌలు డేరాలు కుట్టి పొట్టపోసుకున్నాడు. 54లో క్లౌదియ పోయాక చాలామంది తిరిగి వెళ్ళారు. ఈ దంపతులూ వెళ్ళారని ఉత్తరం చివర్లోని వందనాలే చెబుతాయి. ఆ ఎడబాటులో సంఘం అన్యజనుల చేతుల్లోకి వెళ్ళి ఉంటుంది. ధర్మశాస్త్రం పాటిస్తూ పెరిగినవాళ్ళు ఒకవైపు, దాని ఊసే తెలియనివాళ్ళు మరోవైపు. ఒకరికి ‘కృప’ అన్నది విచ్చలవిడితనానికి అనుమతిలా వినపడొచ్చు. ఇంకొకరికి ‘విధేయత’ అనగానే సున్నతి కత్తి గుర్తుకు రావచ్చు. ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయాలి.

రాసిన మనిషి పక్కన ఉండడు, అపార్థమైతే సర్దిచెప్పలేడు. సంఘం మధ్య ఎవరో పైకి చదువుతారు, మిగిలినవాళ్ళు వింటారు. వెనక్కి తిప్పి చూసుకునే వీలు లేదు. అలాంటప్పుడు ఏ మాట అనడం ఎంత ముఖ్యమో, అది ఏ మాట తర్వాత చెవిన పడుతుందన్నదీ అంతే ముఖ్యం.

ముందే కట్టిన రెండు కొసలు

ఆనాటి ఉత్తరాలు పంపేవారి పేరు, అందుకునేవారి పేరు, ఒక శుభవాక్యంతో మొదలయ్యేవి. పౌలు ఆ చిన్న చట్రాన్ని సాగదీసి ఏడు వచనాల ఒక్క వాక్యం చేశాడు. అందులో 5వ వచనం దగ్గర ఆగాలి. క్రీస్తు ద్వారా తనకు కృప దొరికిందంటాడు, దానితోపాటు అపొస్తలుడి పనీ దొరికిందంటాడు. దేనికోసమంటే, అన్ని జనాల్లోనూ విశ్వాసంతో ముడిపడిన విధేయత కలగడం కోసం. మూడు మాటలూ ఒక్క వచనంలోకి వచ్చేశాయి. అందులో కృప పొందినది, విధేయత చేరవలసిన చోటు, విశ్వాసం ఆ విధేయతను అంటిపెట్టుకుని ఉన్నది. తర్వాత ఉత్తరం ఎన్ని మలుపులు తిరిగినా ఈ వరస తారుమారు కాదు.

మూడు వచనాలు దాటాక, మీ విశ్వాసం గురించి లోకమంతా చెప్పుకుంటోందని రోమువాళ్ళను మెచ్చుకుంటాడు. ఇదే మెప్పు 16వ అధ్యాయం 19వ వచనంలో మళ్ళీ వస్తుంది. అక్కడ అందరికీ తెలిసింది మాత్రం వాళ్ళ విధేయత. మనుషులు వాళ్ళే, మెప్పూ అదే. మొదట విశ్వాసం అన్నచోట చివర విధేయత అన్నాడు. 15వ అధ్యాయంలో తన సేవ మొత్తాన్ని ఒక్క ముక్కలో చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా, అన్యజనులు విధేయులు కావడమే క్రీస్తు తనచేత చేయించిన పని అన్నాడు.

ఉత్తరం ముగింపులోని స్తుతిలో విశ్వాసం, విధేయతల జంట మరోసారి కనిపిస్తుంది. కానీ ఆ స్తుతి ఉన్న చోటు ప్రాచీన ప్రతులన్నింటిలో ఒకటి కాదు. కొన్నింటిలో 14వ అధ్యాయం తర్వాత ఉంది, క్రీ.శ. 200 ప్రాంతానిదని చెప్పే పీ46 పపైరస్ ప్రతిలో 15వ అధ్యాయం తర్వాత ఉంది. తర్వాతి చేతులు చేర్చినదని అనే పండితులూ ఉన్నారు. దాన్ని పక్కన పెట్టినా మొదటి అధ్యాయానికీ 15, 16 అధ్యాయాలకూ మధ్య ముడి వదలదు.

ఈ ముడి పని చేసేది మధ్య అధ్యాయాల్లో. క్రియలవల్ల ఎవరూ నీతిమంతులు కారని పౌలు గట్టిగా అంటున్నప్పుడు, ప్రయాణం ఎటో వినేవాడికి అప్పటికే తెలుసు. విధేయత గమ్యమని తెలిసినవాడు, దాన్ని ఆరంభంలోంచి తీసేస్తుంటే కంగారుపడడు.

అబ్రాహాముకు సున్నతి ఎప్పుడు జరిగింది?

కృపను వివరించే ముందు పౌలు ఎవరికీ తప్పించుకునే దారి లేకుండా చేస్తాడు. మొదటి అధ్యాయం రెండో సగంలో విగ్రహారాధన, కామం, అసూయ, నరహత్య, కొండేలు, తల్లిదండ్రుల మాట లెక్కచెయ్యకపోవడం, ఇలా జాబితా సాగుతుంది. నీతిగా బతుకుతున్నానని నమ్మే శ్రోత తల ఊపుతూ ఉంటాడు. సరిగ్గా అప్పుడు, 2వ అధ్యాయం మొదటి వచనంలో, ‘వాళ్ళు’ పోయి ‘నువ్వు’ వస్తుంది. ఎదుటివాడికి తీర్పు చెప్పే నువ్వు చేస్తున్నదీ అదేగా అని నిలదీస్తాడు. ఆ ‘నువ్వు’కు పేరు పెట్టలేదు. ఎవరికివారు తమనే అనుకోవడానికి చోటు వదిలాడు.

3వ అధ్యాయం 21వ వచనం దాకా కృప వివరంగా రాదు. వచ్చాక ఆరు వచనాల్లో మాట ముగిసింది. పాపం అందరిదీ, నీతిమంతులనే తీర్పు దేవుడు ఊరికే ఇచ్చినది, దానికి ఆధారం యేసు మరణం, దాన్ని అందుకునే తీరు విశ్వాసం. ఇంత బరువైన సంగతిని ఇంత క్లుప్తంగా చెప్పినవాడు, తర్వాతి అధ్యాయం మొత్తం ఒకే మనిషి మీద ఖర్చుపెట్టాడు. ఆ మనిషి అబ్రాహాము.

ఎంపికలోనే నేర్పుంది. అబ్రాహాము యూదులకు తండ్రి, సున్నతికి ఆద్యుడు, విధేయతకు పెట్టింది పేరు. దేవుడు అడిగితే కొడుకును బలివ్వడానికి పొద్దున్నే లేచి బయల్దేరినవాడు. క్రియల పక్షాన వాదించేవాళ్ళకు ఇంతకన్నా గట్టి సాక్షి దొరకడు. పౌలు ఆ సాక్షినే తన తరఫున పిలిచాడు. పిలిచి, వాదమంతా వరస మీద నడిపాడు. అబ్రాహాము నమ్మకాన్ని దేవుడు నీతి కింద జమకట్టింది ఆదికాండం 15వ అధ్యాయంలో. సున్నతి వచ్చేది 17వ అధ్యాయంలో, అతని 99వ ఏట. ఆ రెంటి నడుమ, 86వ ఏట, ఇష్మాయేలు పుట్టాడు. తక్కువలో తక్కువ 13 ఏళ్ళ ఎడం అన్నమాట. నీతిమంతుడని దేవుడు ఒప్పుకున్ననాటికి అబ్రాహాము సున్నతి లేని మనిషి, రోములోని అన్యజన విశ్వాసి లాంటివాడే. సున్నతి ఆ తర్వాత వేసిన ముద్ర. ఒక్క ముందువెనకలు చూపించి ఇద్దరు శ్రోతలకూ ఒకే తండ్రిని ఇచ్చాడు.

ఈ అధ్యాయంలో ‘ఎంచు’ అనే క్రియ, ఖాతాలో జమకట్టడం అనే అర్థంలో, 11 సార్లు వస్తుంది. పనిచేసినవాడికి ముట్టే కూలి బాకీ తీర్చడమే గాని దయచూపడం కాదంటూ, కూలికీ వరానికీ మధ్య గీత గీసింది కూడా ఇక్కడే. ఎంచడం, కూలి, ఈ రెంటినీ పాఠకుడు గుర్తుపెట్టుకోవాలి. పౌలు వాటిని తర్వాతి పనికోసమే ఇక్కడ దాచాడు.

విశ్వాసం ఏమిటో కూడా అతను అబ్రాహామును చూపించే చెబుతాడు. నూరేళ్ళకు దగ్గరపడ్డ ఒళ్ళు, ఎన్నడూ కానని శారా గర్భం. ఆ రెంటినీ కళ్ళు తెరుచుకుని చూసి కూడా, మాటిచ్చినవాడు చెయ్యగలడని అబ్రాహాము ఒప్పుకున్నాడు. తన దగ్గర ఏమీ లేదని తెలిసిన మనిషి మరొకరి మాట మీద ఆనుకోవడమే విశ్వాసం. అందుకే అది కూలి లెక్కలోకి రాదు. నమ్మాను కాబట్టి నాకింత రావాలి అని దేవుడి దగ్గర గొప్పలు పోవడానికి అందులో ఏమీ మిగల్చలేదు.

ముందు ఎవరు విధేయులు?

5వ అధ్యాయం చివర్లో ఆదామునూ క్రీస్తునూ ఎదురెదురుగా నిలబెట్టాడు. ఇన్ని పేజీలు విధేయతను పక్కన ఉంచినవాడు, 19వ వచనంలో దాన్ని వాదంలోకి తెచ్చాడు. తెచ్చిన విధేయత మనది కాదు. ఆదాము దేవుడి మాట కాదన్నందువల్ల మనుషులు పాపంలో పడ్డారు, క్రీస్తు ఆ మాటకు కట్టుబడ్డందువల్ల నీతికి వచ్చారు అన్నది అక్కడి పోలిక. రక్షణకు విధేయత అవసరమా అన్న ప్రశ్నకు ఈ పత్రికలో వినిపించే మొదటి జవాబు ఇది: అవసరమే, అది క్రీస్తు నెరవేర్చాడు. విశ్వాసి విధేయత గురించి ఏం చెప్పినా ఈ వచనం విన్నాకే చెప్పాలి. నేర్పరి కాని రచయిత మన కర్తవ్యంతో మొదలుపెట్టి, సాయానికి క్రీస్తును పిలిచి ఉండేవాడు.

వెంటనే మరో అడుగు వేశాడు. పాపం ఎంత పెరిగితే కృప దాన్ని అంత మించిందన్నాడు. జాగ్రత్తపరుడైతే అక్కడే ‘అయితే’ అని ఒక హెచ్చరిక తగిలిస్తాడు. పౌలు తగిలించలేదు. మాటను దాని పూర్తి వేగంతో పోనిచ్చి, దానివల్ల లేచే అడ్డు ప్రశ్నను 6వ అధ్యాయం మొదట్లో తానే ఎత్తాడు: ఆ లెక్కన కృప ఎక్కువ కావడానికి పాపం చేస్తూనే ఉందామా? ఒక బోధ విన్నాక ఈ ప్రశ్న పుట్టకపోతే ఆ బోధలో కృపను పూర్తిగా చెప్పనట్టేనని 20వ శతాబ్దపు లండన్ బోధకుడు మార్టిన్ లాయిడ్-జోన్స్ అనేవాడు. ఆ గీటురాయి ఈ అధ్యాయం నుంచి వచ్చిందే.

ఎదుటివాడి ప్రశ్నను తన నోట వేసి, దాన్ని తోసిపుచ్చి, ఆపైన కారణం చెప్పడం ఆనాటి గ్రీకు తత్వబోధకుల పద్ధతి. ఎపిక్టెటస్ ప్రసంగాల్లో అది అడుగడుగునా కనిపిస్తుంది. ఆ తోసిపుచ్చే మాట, తెలుగు బైబిలులో చాలాచోట్ల ‘అట్లనరాదు’ అని వినిపించేది, రోమా పత్రికలో పది సార్లు ఉంది. 6వ అధ్యాయంలో రెండు సార్లు వస్తుంది. పైకి ఆ రెండు ప్రశ్నలూ ఒకటే అనిపిస్తాయి. మొదటిది, కృప పెరగాలని పాపం చేద్దామా అన్నది. రెండోది, ధర్మశాస్త్రం కింద లేము గదా, పాపం చేస్తే ఏమిటి అన్నది. మొదటిది అతితెలివి, రెండోది నిర్లక్ష్యం. అందుకే రెంటికీ వేరు వేరు జవాబులిచ్చాడు.

అతితెలివికి బాప్తిస్మం జవాబు. క్రీస్తుతో చనిపోయి, ఆయనతో లేచినవాడు పాత బతుకు ఎలా బతుకుతాడని అడిగాడు. తర్వాత 11వ వచనంలో, ఉత్తరం మొదలైన ఐదున్నర అధ్యాయాలకు, శ్రోతలకు నేరుగా మొదటి ఆజ్ఞ ఇచ్చాడు. అది ఏదో చెయ్యమనే ఆజ్ఞ కాదు. పాపానికి చనిపోయినవాళ్ళుగా, దేవుడికి బతికినవాళ్ళుగా మిమ్మల్ని మీరు ఎంచుకోండి అన్నది. 4వ అధ్యాయంలో దాచిన క్రియ ఇక్కడ బయటికి వచ్చింది. అక్కడ ఎంచింది దేవుడు. ఇక్కడ ఆ లెక్కను ఒప్పుకోవలసింది మనిషి. దేవుడు జమకట్టిన దానికి సరిపడా తన లెక్క తాను సరిచేసుకోవడమే విశ్వాసి మొదటి విధేయత. చేతుల్నీ కాళ్ళనూ నీతికి అప్పగించమనే ఆజ్ఞలు ఆ తర్వాతే వచ్చాయి. నమ్మకం ఎక్కడ ఆగింది, విధేయత ఎక్కడ మొదలైంది అని వేలుపెట్టి చూపలేని అతుకు అది.

నిర్లక్ష్యానికి బానిసత్వం జవాబు. ప్రతివాడూ ఎవరో ఒకరి మాట వింటూనే ఉంటాడు, యజమాని ఎవరన్నదే తేలవలసింది అన్నాడు. ఈ మాట వింటున్నవాళ్ళలో బానిసలు ఉండే ఉంటారు. చివరి అధ్యాయంలో పేరుపెట్టి వందనాలు చెప్పిన 24 మందిలో అంప్లీయతు, పెర్సిసు వంటి పేర్లు ఆనాడు బానిసల్లో, విడుదలైన బానిసల్లో తరచు కనిపించేవి. ఈ పోలిక మొరటుదని పౌలుకు తెలుసు. మీ బలహీనతను బట్టి మనుషుల తీరులో మాట్లాడుతున్నానని 19వ వచనంలో ఒప్పుకున్నాడు. అంతకు రెండు వచనాల ముందు మరో సున్నితమైన పని చేశాడు. రోమువాళ్ళు మనస్ఫూర్తిగా విధేయులయ్యారని చెబుతూ, అందుకు కృతజ్ఞత దేవుడికి చెప్పాడు. మాట విన్నది వాళ్ళు, ఘనత మాత్రం దేవుడిది.

ఇక అధ్యాయం చివరి వచనం. ఒక పేజీ పొడుగునా సేవ, యజమాని, విధేయత అని మాట్లాడినవాడు ముగింపులో జీతం మాట ఎత్తకుండా ఎలా ఉంటాడు? ఎత్తాడు. సైనికుడి జీతానికి వాడే మాటే వాడాడు. కానీ ఆ జీతం ఇచ్చేది పాపం. అది ఇచ్చేది మరణం. దేవుడి వంతు వచ్చేసరికి ఆ మాట వదిలేసి, వరం అన్నాడు. నిత్యజీవం వరం. ఇద్దరు యజమానుల పోలిక సమతూకంగా సాగాలంటే, పాపం మరణాన్ని జీతంగా ఇస్తుంది, దేవుడు నిత్యజీవాన్ని జీతంగా ఇస్తాడు అనాలి. పౌలు తన పోలికను తానే విరిచాడు. 4వ అధ్యాయంలో కూలికీ వరానికీ గీసిన గీతను, విధేయత గురించి ఇంత మాట్లాడాక కూడా చెరగనివ్వలేదు. పత్రిక మొత్తంలో ఇంతకన్నా గొప్ప పనితనం మరోచోట లేదనిపిస్తుంది.

ఆజ్ఞలకు ముందు

7, 8 అధ్యాయాలు ఒక జంట. ధర్మశాస్త్రం మంచిదే, చెయ్యాలనే ఉంది, చెయ్యలేకపోతున్నానన్న ‘నేను’ మొర 7వ అధ్యాయం. ఆ ‘నేను’ ఎవరన్నది నేటికీ తెగని వాదం. 8వ అధ్యాయంలో దేవుని ఆత్మ వచ్చాడు. ధర్మశాస్త్రం కోరింది ఆత్మ ప్రకారం నడిచేవాళ్ళలో నెరవేరుతుందన్నాడు. విధేయతకు శక్తి ఎక్కడిదో చెప్పే ఆ అధ్యాయంలో ఆజ్ఞ ఒక్కటీ లేదు. అంతా జరిగినదీ, జరుగుతున్నదీ, జరగబోయేదీ.

9 నుంచి 11 వరకు ఇశ్రాయేలు ప్రశ్న. దేవుడు ఏరుకున్న జనమే సువార్తను కాదంటే, ఆయన మాట ఏమైంది? ఇక్కడ ఒక చిన్న అల్లిక గమనించాలి. 10వ అధ్యాయంలో వినడం నుంచి విశ్వాసం ఎలా పుడుతుందో మెట్టు మెట్టుగా చెప్పి, అందరూ నమ్మలేదు అనవలసినచోట, అందరూ సువార్తకు లోబడలేదు అన్నాడు. దానికి రుజువుగా యెషయా ప్రవక్త మాట తెచ్చాడు. ఆ మాటలో ఉన్నది నమ్మడం గురించే. లోబడటం, నమ్మడం ఒకదాని చోట ఒకటి నిలిచాయి. 11వ అధ్యాయంలో ఒలీవ చెట్టు అంటుకట్టిన కొమ్మలతో, విశ్వాసం వల్ల నిలిచారు, గర్వపడకండి, మిమ్మల్నీ కొట్టేయొచ్చు అని హెచ్చరించాడు. కృపను నమ్ముకున్నవాడికీ ఆ భయం అవసరమన్నాడు. చివరకు అందరూ అవిధేయతలో చిక్కిందీ అందరూ కనికరం పొందడానికేనని తేల్చి, స్తుతిలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత, 12వ అధ్యాయం మొదట్లో, ‘కాబట్టి’ వచ్చింది. దేవుడి కనికరాన్ని చూపించి బతిమాలుతున్నానంటూ మొదలుపెట్టాడు. భయపెట్టలేదు, ఆశపెట్టలేదు. ఇక్కడి నుంచి ఆజ్ఞలు వరదలా వచ్చాయి: అతిథుల్ని ఆదరించండి, హింసించేవాళ్ళను దీవించండి, పగ తీర్చుకోకండి, పన్నులు కట్టండి, ప్రేమ తప్ప ఎవరికీ ఏమీ బాకీ ఉండకండి. 14వ అధ్యాయంలో సంగతి భోజనాల బల్ల దగ్గరికి చేరింది. ఒకడు మాంసం తింటాడు, ఒకడు కూరగాయలే తింటాడు. ఒకడికి ఫలానా రోజు పవిత్రం, ఇంకొకడికి అన్నీ సమానం. పదకొండు అధ్యాయాల వేదాంతం దేనికి పనికొస్తుందో తేల్చే పరీక్ష ఇది. 15వ అధ్యాయంలో జవాబు చెప్పాడు: క్రీస్తు మిమ్మల్ని చేర్చుకున్నట్టే మీరూ ఒకరినొకరు చేర్చుకోండి. ఆజ్ఞకు కొలత ఏమిటో చూడండి. ఏ అర్హతా లేకుండా నిన్ను చేర్చుకున్నాడు గనక, నువ్వూ అర్హత అడక్కుండా పక్కవాణ్ణి చేర్చుకో. పౌలు చేతిలో విధేయత కృప ఆకారాన్నే తీసుకుంది.

చదును కాని చోట్లు

ఇంత నేర్పుగా కట్టినదాంట్లోనూ చెయ్యి తగిలే ముడులున్నాయి. దేవుడు ప్రతివాడికీ వాడి క్రియల చొప్పున ప్రతిఫలం ఇస్తాడనీ, ధర్మశాస్త్రం విన్నవాళ్ళు కాక దాని ప్రకారం చేసినవాళ్ళే నీతిమంతులనీ 2వ అధ్యాయంలో ఉంది. క్రియలవల్ల ఎవరూ నీతిమంతులు కారనే 3వ అధ్యాయం 20వ వచనం అందుకు ఎదురు నిలుస్తుంది. ఎవరూ అందుకోలేని కొలతను ముందు చూపించాడని కొందరు, విశ్వాసుల ఫలాలకూ చివరికి విచారణ ఉంటుందని చెప్పాడని కొందరు సర్దుతారు. 1977లో ఇ. పి. శాండర్స్ పుస్తకం వచ్చాక మరో వాదం బలపడింది. ఆనాటి యూదులు కూడా కృపనే నమ్మారనీ, పౌలు కాదన్న ‘క్రియలు’ ముఖ్యంగా యూదుల్ని వేరుచేసి చూపే సున్నతి, ఆహార నియమాలు, దినాలు అనీ ఆ వైపు పండితులు అంటారు. 14వ అధ్యాయంలోని భోజనాల గొడవ చూస్తే ఆ మాటకు బలం ఉంది. 4వ అధ్యాయంలోని కూలి పోలిక మాత్రం అంతకన్నా విశాలమైన సంగతి చెబుతున్నట్టే ఉంది.

రెండో ముడి యాకోబు పత్రికతో. విశ్వాసం ఒక్కటే చాలదనే యాకోబు కూడా అబ్రాహామునే సాక్షిగా పిలిచాడు, ఆదికాండంలోని ఆ మాటే ఎత్తాడు. 1522లో మార్టిన్ లూథర్ విసుగెత్తి యాకోబు రాసినదాన్ని గడ్డి పత్రిక అన్నాడు. అయితే యాకోబు చూపేది ఆదికాండం 22వ అధ్యాయంలో ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన అబ్రాహామును. పౌలు చూపేది 15వ అధ్యాయంలో నక్షత్రాల కింద నిలబడ్డ అబ్రాహామును. లోపలికి ఎలా వచ్చాడన్నది ఒకరి ప్రశ్న, వచ్చినవాడు బతికే ఉన్నాడా అన్నది ఇంకొకరి ప్రశ్న. ఆదికాండం పేజీల వరసను పాటిస్తే ఇద్దరికీ చోటుంది. తారుమారు చేస్తేనే ఇద్దరూ కలబడతారు.

తలో వాకిలి నుంచి

ఈ ఉత్తరం వల్ల బతుకు మారినవాళ్ళు ఒకే దారిన రాలేదు. 386లో మిలాన్ తోటలో అగస్టీన్‌కు కంటపడ్డది 13వ అధ్యాయం చివర్లోని మాట. తాగుడూ వ్యభిచారమూ మానమనే ఆజ్ఞ అది. విధేయత వాకిట్లోంచి వచ్చిన ఆ మనిషే తర్వాత కృప గురించి విస్తారంగా రాశాడు. లూథర్ మొదటి అధ్యాయం 17వ వచనంలోని విశ్వాసం దగ్గర ప్రవేశించాడు. అతనే ఈ పత్రికకు రాసిన ముందుమాటలో విశ్వాసం చురుకైనదనీ, మంచి చెయ్యకుండా ఉండలేదనీ అన్నాడు. 1738 మే 24న లండన్‌లో ఆ ముందుమాట చదువుతుంటే విన్న జాన్ వెస్లీ, తర్వాత జీవితమంతా పరిశుద్ధత గురించి బోధించాడు. 1937లో జర్మనీలో డీట్రిష్ బోన్‌హోఫర్, లూథర్ వారసులు కృపను చవక సరుకు చేశారని మండిపడ్డాడు. నమ్మినవాడే లోబడతాడు, లోబడినవాడే నమ్ముతాడు అన్నది అతని వాదం. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కాథలిక్కులూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసినప్పుడు దాదాపు ఇదే వరస ఒప్పుకున్నారు. దేవుడు మనల్ని అంగీకరించేది కృప వల్లనే, మన అర్హత వల్ల కాదు. సత్క్రియలు దాని తర్వాత వచ్చే ఫలం.

వీళ్ళలో ఎవరూ వచ్చిన వాకిట్లోనే నిలబడిపోలేదు. ఎక్కడ మొదలుపెట్టినా ఉత్తరం వాళ్ళను మిగిలిన రెండు మాటల దగ్గరికీ నడిపించింది. నిలబడిపోయే ప్రమాదం మనలాంటి పాఠకులకే ఎక్కువ. అధ్యాయాల విభజన 13వ శతాబ్దిది, కొత్త నిబంధనకు నేటి వచన సంఖ్యలు కుదిరింది 1551లో అచ్చైన గ్రీకు ప్రతితో. పౌలు రాసిన దాంట్లో ఆ అంకెలు లేవు. మన తెలుగు సంఘాల్లో కొత్త సంవత్సరం రాత్రి తీసుకునే వాగ్దాన వచనాలు, గోడ మీది క్యాలెండర్ వచనాలు ఓదార్పు ఇస్తాయి. కానీ 6వ అధ్యాయం చివరి వచనాన్ని ఒంటరిగా చదివినవాడికి, జీతం అన్న మాట 4వ అధ్యాయం నుంచి నడిచి వచ్చిందని తెలియదు. 12వ అధ్యాయాన్ని ఒంటరిగా బోధించినవాడు దాన్ని మంచి నడవడికల పట్టికగా చేసేస్తాడు. 3వ అధ్యాయంతో ఆపేసినవాడికి 14వ అధ్యాయంలోని పక్క మనిషి కనిపించడు.

ఈ పత్రికను పైకి చదివితే ఒక గంట, కాస్త అటూ ఇటూ పడుతుంది. రోములో మొదటి శ్రోతలు విన్నది బహుశా అలాగే, ఒక్క బిగిన. కృప ఎక్కువా విధేయత ఎక్కువా అని తూచబోయే ముందు, ఒక్కసారి అలా విన్నవాడికి పౌలు వాటిని తక్కెడలో పెట్టనేలేదని తెలుస్తుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం అతను ఎక్కడా తప్పలేదు.